తుప్పు మీద తెల్లరంగు

కల్లూరు వ్యాన్ల స్టాండులో ఓబుళేశుకు తెలియని సంగతి లేదు. ఒకవేళ ఏదైనా తెలియకపోతే, అది తెలుసుకోదగ్గది కాదని ఆయన నమ్మకం. పదిహేడేళ్ల వయసున్న వ్యానుకు ఆయన నాలుగో యజమాని. వారానికి మూడుసార్లు భక్తులను మంత్రాలయం తీసుకుపోయి, తిరిగి ఎవరి ఇంటి దగ్గర వాళ్లను దింపుతాడు.

తుప్పు సముద్రం పక్కనుండేవాళ్ల రోగమని ఆయన సిద్ధాంతం. వానే పడని సీమలో ఇనుముకు తుప్పు పట్టడమేమిటని నవ్వేవాడు. వాన పడని మాట నిజమే. కానీ భక్తులు తుంగభద్రలో మునిగి, తడిగుడ్డలు సగం పిండి, సంచుల్లో కుక్కి సీట్ల కింద పెట్టేవాళ్లు. ఆ నీళ్లు బండి నేల మీద పరిచిన రబ్బరు పట్టా కిందికి చేరి, ఆరే దారి లేక అక్కడే కాపురం పెట్టాయి. పట్టా ఎత్తి చూసే పని ఓబుళేశు ఎన్నడూ పెట్టుకోలేదు. తలుపుల అంచున ఎర్రటి పొక్కులు లేచినప్పుడు మాత్రం వాటి మీదే తెల్లరంగు దట్టంగా పూసి, బండి మళ్లీ కొత్తదైందని స్టాండంతా చెప్పుకున్నాడు.

ఒక గురువారం తిరుగు ప్రయాణంలో, కోడుమూరు దాటాక, బండి ఒక గుంతలో పడి లేచింది. వెనక సీట్లో ఉన్న రిటైర్డ్ టీచరు నాగలక్ష్మమ్మ కుడికాలు పట్టాతో సహా బండి నేలను చీల్చుకుని కిందికి దిగింది. చెప్పు రోడ్డు మీద పోయింది. అదృష్టం బాగుండి కాలికి గీరుడే తగిలింది. ఆమె కాలు పైకి లాక్కుని, క్లాసులో అడిగినట్లే నింపాదిగా అడిగింది.

"ఏమప్పా ఓబుళేశూ, ఇంకా ఊరే రాలేదు, ఈడనే దింపుతాండావా?"

బండిలో అందరూ నవ్వారు. ఓబుళేశుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతమంది ప్రాణాలను తాను ఒక రబ్బరు పట్టా మీద మోశాడన్నమాట.

మరునాడే బండి దాసన్న షెడ్డుకు చేరింది. దాసన్న ముప్పై ఏళ్లుగా బండ్ల రేకుపని చేస్తున్నవాడు. తెల్లరంగును గోటితో గీకితే అప్పడంలా లేచొచ్చింది. "పుండుకు పౌడరు పూసినావు గదప్పా," అన్నాడు. కుళ్లిన రేకు కోసి కొత్తది అతికించాడు. మిగతాచోట్ల తుప్పును మెరిసే ఇనుము కనబడేదాకా తీగల బ్రష్షుతో గీకించాడు, అదీ ఓబుళేశు చేతనే. తర్వాత ఎర్రటి ప్రైమరు, అది ఆరాక అడుగంతా తారులాంటి నల్లటి పూత.

ఆలస్యంగా జ్ఞానోదయమైనవాళ్లకు ఆవేశమెక్కువ. ఓబుళేశు ఆ నల్లపూత ఇంకో డబ్బా కొని, దాసన్న వదిలేసిన ప్రతి సందూ తానే మూసేశాడు. తలుపుల అడుగున ఉన్న చిన్న చిన్న బొక్కలు చూసి దాసన్న పనితనం మీద జాలిపడి, వాటినీ పూడ్చాడు.

రెండు నెలలకు బండి మలుపు తిరిగినప్పుడల్లా తలుపులో బిందె తొణికినట్లు చప్పుడు మొదలైంది. దాసన్న స్క్రూడ్రైవరుతో ఒక బొక్క పొడిచాడు. ఎర్రటి నీళ్లు ఆయన కాళ్ల మీదే పడ్డాయి.

"బండి కడిగినపుడు అద్దం సందులోంచి దిగిన నీళ్లు బయటికి పోయేకి పెట్టిండే బొక్కలివి. తలుపుకు నోరు కుట్టేసినావు," అన్నాడు.

ఓబుళేశు తీగ ముక్క అడిగి తీసుకుని, మిగిలిన బొక్కలన్నీ తానే ఒక్కొక్కటీ తెరిచాడు.

ఇప్పుడు గుడ్డలు గట్టిగా పిండి చూపిస్తేగాని భక్తులను బండి ఎక్కనివ్వడు. మంత్రాలయం నుంచి వచ్చిన ప్రతిసారీ పట్టా ఎత్తి ఎండకు వేసి, తాను బండి కిందికి దూరుతాడు. ఆయన భార్య వెంకటలక్ష్మమ్మకు పగలంతా మొగుడి పాదాలే కనిపిస్తాయి. ఎన్నిసార్లు పిలిచినా రాకపోయేసరికి, మొన్న సంగటి గిన్నె బండి కిందికే తోసింది. ఆయన అక్కడే పడుకుని తిని, రుచిగా ఉందన్నాడట.