పదకొండు వంతుల ఐస్‌క్రీమ్

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువూ ఒక్కరిది కాదు. దుప్పట్లు అందరివీ, దువ్వెన అందరిదీ, ఆఖరికి జ్వరం కూడా ఒకరికి వచ్చిందంటే వరసగా అందరినీ పలకరించి గానీ పోయేది కాదు. నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. మేం ఏడుగురు పిల్లలం, చదువుల కోసం ఊరి నుంచి వచ్చిన చిన్నాయన పిల్లలు నలుగురు, వెరసి పదకొండు మందిమి. అందరిలోకీ పెద్దదాన్ని నేను కాబట్టి ఇంట్లోకి ఏది వచ్చినా పంచే ఉద్యోగం నాదే. (ఒక జామపండును పదకొండు ముక్కలు కోయడం మీరెప్పుడైనా ప్రయత్నించారా? నేను మాటల్లో ఉండి కూడా కోసేసేదాన్ని.) పంచినవాళ్లు ఆఖరి ముక్క తీసుకోవాలన్నది అమ్మ పెట్టిన చట్టం. ఆఖరి ముక్కంటే ఏముంటుంది, తొడిమ! పంతొమ్మిదేళ్లు తొడిమలు తిని పెరిగిన మనిషిని నేను.

మెట్రిక్ పాసవగానే గన్‌ఫౌండ్రీలో ఒక ఆడపిల్లల బడిలో పంతులమ్మగా కుదిరాను. మొదటి జీతం తెచ్చి బాపు చేతిలో పెడితే ఆయన కళ్లకద్దుకుని, అందులోంచి రెండు రూపాయలు తీసి నాకే ఇచ్చాడు. "గాజులు కొనుక్కో బిడ్డా" అన్నాడు. నేను సరేనన్నాను గానీ నా మనసు గాజుల మీద లేదు. బడికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆబిడ్స్‌లో ఒక హోటల్ అద్దాల తలుపులోంచి నేను చూస్తున్నది ఇంకొకటి ఉంది. గాజు గిన్నెలో పండ్ల ముక్కలు, వాటి మీద తెల్లటి ఐస్‌క్రీమ్ ముద్ద, దాని నెత్తిన ఎర్రటి చెర్రీ. అలాంటి గిన్నె ఒకటి, మొత్తంగా, ఇంకెవరి చెంచా పడకుండా నేనొక్కదాన్నే తినాలి. పుట్టి బుద్ధెరిగాక ఇంత గట్టిగా నేను దేన్నీ కోరుకోలేదు.

శనివారం ఒంటిపూట బడి కాగానే తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. హాలు నిండా మగవాళ్లే. అందరి తలకాయలూ ఒక్కసారి నా వైపు తిరిగాయి. అంతలో తెల్లగడ్డం బేరా ఒకాయన వచ్చి, ఆడవాళ్లు కూర్చునే ఫ్యామిలీ రూముకు తీసుకుపోయి, పర్దా పక్కకు జరిపి "ఎంతమంది బేటీ?" అని అడిగాడు. ఒక్కదాన్నే అంటే బయటికి పొమ్మంటాడేమోనని భయమేసింది.

"నలుగురం చాచా, వెనుక వస్తున్నరు" అన్నాను.

ఆయన నాలుగు గ్లాసుల మంచినీళ్లు తెచ్చి పెట్టాడు. ఐస్‌క్రీమ్ తెమ్మన్నాను. "తెస్త బేటీ, ఫికర్ చెయ్యకు. అందరిని రానీ. ఇప్పుడే తెస్తె కరిగి నీళ్లయితది" అని ఎంతో ప్రేమగా చెప్పి వెళ్లిపోయాడు. రాని మనుషుల కోసం ఎంతసేపని ఎదురుచూడను? కంగారులో నాలుగు గ్లాసుల నీళ్లూ నేనే తాగేశాను.

కాసేపటికి ఆయన మళ్లీ తొంగిచూసి "వచ్చిన్రా?" అన్నాడు.

"అమ్మకు తల నొస్తుందట, రాదు" అన్నాను.

"ఎవరొచ్చి చెప్పిన్రు?" అని వెనక్కి తిరిగి చూశాడు పాపం. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది ఎక్కడా అతకలేదు. దాన్ని అతికించబోయి తమ్ముడికి జ్వరమని ఇంకొకటి చెప్పాను. ఆ మంచి మనిషి హడలిపోయాడు. "అయ్యో! మరి నువ్వు గీడ గూసున్నవేంది బేటీ? జల్ది ఇంటికి పో, పోరన్ని దవాఖానకు తీస్కపోవాలె!" అని నా చేతిసంచి కూడా తీసి అందించాడు.

నేను కదలలేదు. ఇంతలో బయట నిజమైన ఫ్యామిలీలు రెండు వచ్చి గది కోసం నిలబడ్డాయట. గల్లా దగ్గర కూర్చునే సేటు స్వయంగా లేచి వచ్చాడు.

"ఏందమ్మా, నలుగురన్నవట. గిరాకి బయట నిలబడ్డది. మీవాళ్లు వస్తరా, రారా?"

తెగించినవాడికి తెడ్డే లింగం. "ఎవ్వరు రారు! నేనొక్కదాన్నే. నా జీతం పైసలు. ఒక గిన్నె నాకొక్కదానికే కావాలె!" అన్నాను. మెల్లగానే అన్నాననుకున్నాను గానీ, హాల్లో కప్పుల చప్పుడు ఆగిపోయింది.

సేటు నెత్తి గోక్కున్నాడు. "ఒక్క ఆడపిల్ల కూసుంటె గది ఫ్యామిలీ ఎట్లయితదమ్మా?"

"మా ఇంట్ల పదకొండు మంది పిల్లలం సేటు! ఆ ఫ్యామిలీతోని యేగలేకనే గీడికొచ్చిన!"

పక్క గది పర్దా వెనక నుంచి ఎవరో పెద్దావిడ పకపకా నవ్వింది. "ఇయ్యి సేటూ, ఆ పిల్లకు ఇయ్యి! గట్ల ఒక్కదాన్నే రావాలని నాకు గూడ ఎన్నేండ్ల సంది ఉన్నదో!" అంది. ఆవిడతో వచ్చినవాళ్ల ముఖాలు చూడాలని నాకు ఎంత అనిపించిందో. సేటు కూడా నవ్వాపుకోలేక "లావ్ భాయ్, ఒకటి. పెద్దది" అని కేకేశాడు.

గిన్నె వచ్చింది. చెంచా తీసుకున్నాను. తీసుకుని ఏం చేశానో తెలుసా? ఐస్‌క్రీమ్ మీద అడ్డంగా, నిలువుగా గీతలు గీశాను. లెక్క చూస్తే సరిగ్గా పదకొండు వంతులు! నా చేతిని నేనే తిట్టుకుని, తర్వాత నవ్వొచ్చి, ఒక్కొక్క వంతే నోట్లో పెట్టుకున్నాను. ఇది పెద్ద తమ్ముడిది, వాడు నా పెన్ను విరగ్గొట్టాడు. ఇది చిన్న చెల్లెలిది, అది రాత్రంతా తన్నుతుంది. ఇలా అందరి వంతులూ లాగించి, ఆఖరున చెర్రీ తిన్నాను. నాలుక మొద్దుబారిపోయింది. ఆబిడ్స్ రోడ్డు మీద నడుస్తుంటే లాటరీ తగిలినదాని కంటే ఎక్కువ పొగరుగా ఉంది నాకు.

ఇంటికి రాగానే అమ్మ నా చేతులు చూసి "గాజులేవే?" అంది. వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. అబద్ధాల సరుకు హోటల్లోనే అయిపోయింది కాబట్టి నిజం చెప్పేశాను.

"మొత్తం నువ్వే తిన్నవా?"

"ఔ."

"చిన్నోనికి గూడ తేలేదా?"

"కరిగిపోతదమ్మా."

వీపు విమానం మోత మోగుతుందని కళ్లు మూసుకున్నాను. ఏ దెబ్బా పడలేదు. అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసి, అటు తిరిగే "మస్తుగుండెనా?" అని అడిగింది. అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్లు పదకొండు వంతులు కోశాను గానీ, అమ్మకని ఒక్కనాడూ ఒక్క ముక్క కోయలేదు. ఆమె అడగలేదు, నాకు తోచలేదు. సిగ్గుతో తల దించుకున్నాను.

"వచ్చే నెల నన్ను గూడ తీస్కపో. పోరగాళ్లకు చెప్పకు" అంది అమ్మ.

మరుసటి నెల డాక్టరు దగ్గరికని చెప్పి ఇద్దరం వెళ్లాం. రెండు గిన్నెలు తెప్పించాను. నాది గబగబా అయిపోయింది. అమ్మ మాత్రం కళ్లు అరమోడ్చి, చెంచా కొసతో కొంచెం కొంచెం తింటోంది. చూసి చూసి ఉండబట్టలేక "అమ్మా, నాకొక చెంచ పెట్టవా?" అన్నాను.

"నీది నువ్వు తిన్నవ్ గదనే" అని గిన్నెను అటువైపుకు జరుపుకుంది అమ్మ.

తర్వాత్తర్వాత బంగారం కొన్నాను, పట్టుచీరలు కొన్నాను. అవన్నీ ఎక్కడున్నాయో వెతుక్కుంటే గానీ దొరకవు. నోరూరుతూ ఆ బల్ల దగ్గర కూర్చున్న పంతులమ్మ మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది. అన్నేళ్లలో మా అమ్మ పెట్టనన్నది ఆ ఒక్క చెంచానే, అదీ నా జీతంతో కొన్నదే. తలుచుకున్నప్పుడల్లా ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటాను.