రేపల్లె టేపులో లేని పద్యం

దయ్యాల కథలు నేను చెప్పేవాణ్ణే గాని నమ్మేవాణ్ణి కాదు. మిఠాయి చేసేవాడు మిఠాయి తినడు, అందులో ఏం కలిపాడో వాడికి తెలుసు కనక. వేమూరు కాలవలో ఓ చేప నన్ను పేరుపెట్టి పిలిచిందని ఒకసారి చెప్పాను. ముద్దుపేరా, అసలు పేరా అని అడిగారు మా అంగలకుదురు జనం. నా మాటకి ఇక్కడున్న విలువ అది.

అలాంటివాడికే ఇది జరగాలా? ఇంకెవరికి జరిగినా నమ్మేవాళ్లు. రాస్తుంటే కూడా ఒకచోట కూర్చోలేకపోతున్నాను. రెండు ముక్కలు రాయడం, లేచి వరండాలో తిరగడం.

నాకున్న పిచ్చి ఒక్కటే, పాటలు వినే సిస్టమ్. ముందుగదిలో బీరువాల్లాంటి స్పీకర్లు రెండు, వాటికి తగ్గ ఆంప్లిఫయర్, పాత క్యాసెట్ డెక్కు. "వచ్చినవాళ్లని కూర్చోబెట్టడానికి చోటు లేదుగాని, వీళ్లిద్దర్నీ మాత్రం నిలబెట్టారు" అంటుంది మా ఆవిడ.

ఇలాంటి సిస్టమ్‌తో ఒక చిక్కుంది. మంచి రికార్డింగు వేస్తే పాడే మనిషి వచ్చి ఎదురుగా నిలబడతాడు. నాసిరకం రికార్డింగు వేస్తే దాని గుట్టంతా బజారున పడుతుంది. ఫోనులో కమ్మగా వినిపించిన పాటే ఇక్కడ రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంటుంది. అందుకే మా పెద్దమ్మ టేపు తెస్తానన్నప్పుడు వద్దన్నాను.

పెద్దమ్మది బాపట్ల. మా పెదనాన్న పద్యనాటకాల్లో వేషం కట్టేవాడు. ఆయన ఆఖరుసారి పాడింది రేపల్లెలో, ఓ రైసు మిల్లు ఆవరణలో. అప్పటికే గొంతు పాడైంది. అయినా పద్యం అందుకున్నాడు, జనం వన్స్ మోర్ అని కేకలు వేశారు. వన్స్ మోర్ అంటే మళ్లీ పాడి తీరాలి, నాటకాల్లో అది మర్యాద. ఆ రోజు మాత్రం ఆయన చేతులు జోడించి, పాడకుండానే లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత గొంతుకి ఆపరేషన్ అయింది. పోయేదాకా సైగలే.

ఆ పద్యం ఎవరో టేపు చేశారు. పెద్దమ్మ దగ్గరున్న ఆయన గొంతు అదొక్కటే. ఇప్పుడు ఆవిడకి వినికిడి తగ్గిపోతోంది. చెవికి మెషీను పెట్టారు, అదీ ఎంతోకాలం పనిచెయ్యదన్నాడట డాక్టరు. "పూర్తిగా పోయేలోపు ఒక్కసారి శుభ్రంగా వినాలిరా" అంది.

కూతురు వసంతని తోడు తీసుకుని రైల్లో తెనాలిలో దిగి, ఆటోలో మా ఊరు వచ్చింది. వసంత కాలేజీలో లెక్కలు చెబుతుంది. నాకు చెల్లెలు వరసే గాని, నేను టైమెంతయిందో చెప్పినా గోడగడియారం వంక చూసుకుంటుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక టేపు వేశాను. పనిలో పనిగా కంప్యూటర్లోకి కాపీ అయ్యేలా పెట్టాను. ముందు టేపుకుండే సుయ్‌మనే చప్పుడు, వెనక జనరేటరు మోత, మైకు కీచు, ఎవరిదో దగ్గు. వీటన్నిటి అడుగున, నూతిలోంచి వచ్చినట్టు పెదనాన్న.

"ఆయన గొంతు ఇలా ఉండేది కాదురా" అంది పెద్దమ్మ.

"నేను ముందే చెప్పాను కదమ్మా, టేపులో లేనిది స్పీకర్లలోంచి ఎక్కణ్ణించి వస్తుంది" అంది వసంత.

పద్యం అయింది. జనం వన్స్ మోర్ అని అరిచారు. టప్‌మని చప్పుడు, రికార్డు చేసేవాడు ఆపేశాడు. నేను డెక్కు కట్టేయడానికి లేచాను.

అప్పుడు పెద్దమ్మ అంది. గట్టిగా కూడా కాదు, పక్కవాళ్లకి చెప్పినట్టు. "వన్స్ మోర్." ఆ రోజుల్లో అది మగవాళ్లు వేసే కేక. ఆడవాళ్లు స్టేజీకి ఎడమపక్క చాపల మీద కూర్చుని, నోరు కట్టుకుని వినేవాళ్లు.

ముందు ఆ సుయ్‌మనే చప్పుడు ఆగిపోయింది. టేపు తిరుగుతూనే ఉంది, చప్పుడు లేదు. హార్మోనియం తిత్తి గాలి పీల్చుకోవడం వినిపించింది. ఎవరో పెదాలు తడుపుకున్నారు. పెదనాన్న పద్యం ఎత్తుకున్నాడు.

జనరేటరు లేదు, కీచు లేదు. ఖరీదైన స్టూడియోల్లో చేసిన రికార్డింగులు నా దగ్గర బీరువా నిండా ఉన్నాయి. అంత స్వచ్ఛమైన గొంతు వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు. పైగా ఆ టేపు ఒకే మైకుతో పట్టింది. అలాంటి రికార్డింగులో గొంతు రెండు స్పీకర్ల మధ్యనే నిలబడుతుంది, అటూ ఇటూ కదలదు. ఇది కదిలింది. రాగం తీస్తూ ఎడమవైపుకి నడిచి, పెద్దమ్మ కూర్చున్న చోటికి ఎదురుగా ఆగింది.

అయ్యాక పెద్దమ్మ "ఇక కట్టెయ్ నాయనా" అంది.

వసంత మొహం ఎర్రబడింది. "కంప్యూటర్లో మనుషుల గొంతులు తయారుచేస్తున్నారటగా. మా నాన్న గొంతు కూడా చేసేశావా అన్నయ్యా? నీ ఆటలకి ఇంకెవరూ దొరకలేదా?"

నేను ఒట్టు వేశాను. నా ఒట్లు చిన్నప్పట్నుంచీ చూసిన మనిషి, చెప్పులేసుకుంది.

వాళ్లు వెళ్లాక టేపు మళ్లీ మళ్లీ వేశాను. ఒకటే పద్యం. టప్‌మన్న తర్వాత ఖాళీ టేపు సుయ్‌మంటూ తిరిగింది, అంతే. కంప్యూటర్లో కాపీ చూశాను. అందులోనూ ఒకటే పద్యం. కానీ దాని తర్వాత, ఇంకో పద్యం పట్టేంత మేర, ఏమీ లేదు. ఆ సుయ్ కూడా లేదు. టేపన్నాక ఊరికే తిరిగినా చప్పుడుంటుంది. అది ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. అప్పట్నుంచి ఆ గదిలో ఏ పాట పెట్టినా సగంలో లేచిపోతున్నాను.

ఈమధ్య వసంత ఫోన్ చేసింది. "అమ్మ చెవి మెషీను తీసి డబ్బాలో పెట్టేసింది అన్నయ్యా. వినాల్సింది వినేశానంటోంది. నాతో కూడా మాట్లాడట్లేదు. నువ్వు చేసిందేనని ఒక్కమాట చెప్పు, మళ్లీ పెట్టుకుంటుందేమో."

"నేనే చేశాను" అన్నాను. ఈ పత్రిక బాపట్లలో వాళ్లింటికి రాదు కాబట్టి ఇక్కడ ఒప్పుకుంటున్నాను, అది అబద్ధం.

వసంత ఫోను చేతిలో పట్టుకునే తల్లి చెవిలో అరిచింది. "అన్నయ్యే చేశాట్టమ్మా. కంప్యూటర్లో."

అవతల పెద్దమ్మ నవ్వడం నాకు వినిపించింది. "వాడా? వాడికి శ్రుతి ఎక్కడుందో తెలియదే. అయినా పై రాగం తీసేటప్పుడు మీ నాన్న నా వైపుకొచ్చి పాడేవాడని వాడికెవరు చెప్పారు? నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదే."

వసంత ఫోన్ మళ్లీ తన చెవికి పెట్టుకుంది. "ఎవరు చెప్పారు అన్నయ్యా?" అంది.

జవాబు అల్లడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఒక్కటీ తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు.