మామ పట్టిన గొడ్డలి

"రేపు పొద్దుగాల గొడ్డలి కామ చెక్కిపిస్త" అని జహనుమా కట్టెల అడితిలో పని చూసే మున్షీ మా మేనమామకు మాటిచ్చి యాభై ఏళ్లు దాటింది. ఆ రేపు రానే లేదు. మొన్న మంగళవారం మామ పోయాడు. తొంభై దాటిన మనిషి నిద్రలో పోతే అదృష్టవంతుడంటారు. అన్నారు కూడా. మున్షీ కొడుకు గుడిమల్కాపూర్ పూలమార్కెట్ నుంచి పెద్ద దండ తెచ్చి వేసి, మామ ఎంత నెమ్మదస్తుడో పదిమందికి చెప్పాడు. ఆ నెమ్మది సంగతే నేను రాయాలి.

పంతొమ్మిది వందల నలభైల్లో నేనూ మామా ఆ అడితిలో మొద్దులు చీల్చేవాళ్లం. తర్వాత నేను చదువుకుని గుమాస్తానయ్యాను, అలమారాల కొద్దీ పుస్తకాలు చదివాను. గొడ్డలి ఎంచుకోవడం గురించి మామ చెప్పినంత శుభ్రంగా ఏ పుస్తకమూ దేని గురించీ చెప్పలేదు.

మొద్దులు చీల్చే గొడ్డలి పలచగా ఉండదు. దాని తల వెనక వైపు సమ్మెటలా మందం. బరువైతే పని తొందరగా అవుతుందని కొత్తవాళ్లు పెద్దదాన్ని పడతారు. నేనూ పట్టాను. మామ నవ్వాడు.

"పెండ్లికొడుకు కత్తి పట్టినట్టు పట్టినవ్. కామ చివర పట్టి చెయ్యి సాపు. పదిసార్లు ఊపిరి తీస్కో."

ఐదో ఊపిరికే నా మణికట్టు వాలింది.

"నీది కాదు. పెట్టెయ్."

గొడ్డలిని నేల మీద నిలబెడితే కామ, అంటే పిడి, నడుము దాకా రావాలి. గుప్పిట మూస్తే బొటనవేలు నడిమి వేలికి తగలాలి. తగలకపోతే చెమటకు జారుతుంది. "చెయ్యినడుగు, నీ రోషాన్నడగకు" అనేవాడు. నా రెండు పాదాలూ ఇవాళ నేల మీద ఉన్నాయంటే ఆయన చలవే.

ఒక వేసవిలో మున్షీ పాత గొడ్డళ్లన్నీ అమ్మేసి, ఒకే కొలతవి నాలుగు కొత్తవి తెప్పించాడు. మామది చిన్న చెయ్యి. పట్టి చూస్తే వేళ్లు కలవలేదు.

"గిది నాకు లావు, మున్షీ సాబ్."

"ఫికర్ జెయ్యకు. రేపు పొద్దుగాల వడ్లాయన్ని పిలిచి కామ చెక్కిపిస్త."

ఎనిమిది రోజులు రేపు రేపనే గడిచాయి, వడ్రంగి రాలేదు. అన్నాళ్లూ మామ గొడ్డలి ముట్టకుండా కట్టెలు మోశాడు.

తొమ్మిదో రోజు ఒక నవాబు గారి దేవిడీలో పెళ్లి వంటల కట్టెలకని బండ్లు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాయి. చింతమొద్దులు చీల్చడానికి మనుషులు చాలలేదు. మున్షీ మామ మీదికి వచ్చాడు.

"ఏంది, గాజులు తెప్పియ్యాల్నా?"

బండ్లవాళ్లు నవ్వారు. మామ కదలలేదు.

"వద్దు మామా, పోదాం పా" అన్నాను.

మున్షీ గొంతు మార్చాడు. మామ గడ్డం పట్టుకున్నాడు. "భాయ్, ఇయ్యాల్టికి నా ఇజ్జత్ కాపాడు. ఒక్క పూట."

మామ గొడ్డలి అందుకున్నాడు.

నా పని వదిలేసి ఆయన చేతులే చూస్తూ నిలబడ్డాను. పది మొద్దులు. ఇరవై. చెమట మోచేతుల నుంచి కామ మీదికి దిగుతోంది. దెబ్బ దెబ్బకూ వేళ్లు సర్దుకుంటున్నాడు.

"ఆపు మామా!"

"అయిపాయెరా, ఇంక నాలుగే."

తర్వాతి మొద్దుకు ముడి ఉంది. గొడ్డలి ముడి మీద పడి పక్కకు మళ్లింది. కామ ఆయన గుప్పిట్లో తిరిగిపోయింది. వచ్చిన చప్పుడు కట్టె చీలిన చప్పుడు కాదు.

ఎడమ పాదం సగం పోయింది. బండ్లు మాత్రం వేళకే వెళ్లాయి.

మున్షీ చచ్చేదాకా నేను అతనికి మొహం చూపించలేదు. అతను అబద్ధాలకోరు, అలాంటివాడి దగ్గర ఇంకేం దొరుకుతుంది?

పోయినేడు మామను అడిగాను. "నీది కాదని తెలిసి ఎందుకు పట్టినవ్?"

"గడ్డం పట్టుకున్నడు గదరా. మొకం మీద వద్దని ఎట్లంట?"

ఇంతలో వాకిట్లో ఎవరిదో అలికిడయింది. ఆ సగం పాదాన్ని గబుక్కున ధోవతి కిందికి లాక్కున్నాడు, తప్పు తనదైనట్టు.

వద్దనడం నాకు నేర్పి, తాను అనలేకపోయాడు. నేను ఇవాళ్టికీ తప్పుపట్టేది మా మామనే.