ఉప్పేసిన పుస్తకాలు

అప్పట్లో మా జాలరిపేటలో ఏ వస్తువు చేతికొచ్చినా ముందు ఒకటే ఆలోచన వచ్చేది, ఇది ఎండితే నిలవుంటుందా, ఉండదా అని. చేపలు ఎండబెట్టేవాళ్ళం, వలలు ఎండబెట్టేవాళ్ళం, వానలో తడిసొచ్చిన పిల్లల్ని కూడా తీసుకెళ్ళి బోర్లించిన పడవ మీద కూర్చోబెట్టేవాళ్ళం. స్టీలు ప్లాంటు కడుతున్నారని ఊరంతా దుమ్మూ లారీలూ అయిపోయిన రోజులవి. పుస్తకాన్ని ఎండబెట్టడానికి వేరే పద్ధతుంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పకపోతే ఏమైందో అదే ఇప్పుడు చెబుతున్నాను. నా చదువు సంతకం వరకు, బస్సు మీద ఊరి పేరు వరకు. నేను చెబుతూంటే నా మనవరాలు రాస్తోంది. నా గొంతు బొంగురు గొంతు, వీధి వీధీ తిరిగి చేపలమ్మిన మా అమ్మ గొంతే నాకూ వచ్చింది. కాబట్టి చదివేవాళ్ళు కాస్త గట్టిగా చదువుకుంటే సరిపోతుంది.

హార్బరు దగ్గర, పాతపట్నంలో అత్తర్లమ్మే సాయిబుగారి కొట్టు మీద ఒక పెంకుల మేడగది ఉండేది. అందులో లైబ్రరీ. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఒకాయన దాన్ని చూసుకునేవారు. నేను లైబ్రరీ బాబుగారనేదాన్ని. అక్కడ కథల పుస్తకాలూ పాటల పుస్తకాలూ ఉండేవి కావు. అన్నీ లోకం చూసొచ్చినవాళ్ళు రాసినవే. సముద్రం అడుగుకి దిగినవాళ్ళు, మంచుదేశాల్లో నడిచినవాళ్ళు, అడవిలో కూర్చుని పిట్ట గూడు కట్టుకోవడం పొద్దస్తమానం చూసినవాళ్ళు. ఊడవడం, కుండలో నీళ్ళు నింపడం, పుస్తకాల దుమ్ము దులపడం నా పని. అక్షరాలు రావు కాబట్టి బొమ్మల్ని బట్టి పేర్లు పెట్టుకున్నాను. తిమింగలం బుక్కు, పురుగుల బుక్కు, మంచుగడ్డం బుక్కు. ఈ మంచుగడ్డం ఆయన కుక్కల బండి పక్కన నిలబడి ఉంటాడు, గడ్డం నిండా మంచు పేరుకుని, మూతి మాత్రం కొంచెం నవ్వుతున్నట్టుంటుంది. ఆయన దుమ్ము నేను రోజూ రెండుసార్లు దులిపేదాన్ని. (మా ఆయన బతికుండగా ఈ మాట చెప్పలేదు.)

బాబుగారికి ఎవరో ఒకరికి పాఠం చెప్పకపోతే తోచదు. చీపురు పట్టుకున్నదాన్నని చూడకుండా నాకే చెప్పేవారు.

"ఇదిగో అమ్మాయ్, సముద్రం అడుగున వెలుగుండదు. అక్కడి చేపలు తల మీద దీపం పెట్టుకుని తిరుగుతాయి."

"ఎవులు సూసినారు బాబూ?"

"ఇనప గోళంలో కూర్చుని, దిగి చూశారు."

"మరి పట్టనేదేటి?"

"పట్టుకోవడానికి కాదమ్మా వెళ్ళింది. చూడ్డానికి."

"అంత దూరమెల్లి, సూసి వొగ్గీసినారా!"

ఇంటికెళ్ళి చెబితే మా అమ్మ చేపలు కడుగుతూ, "ఆళ్ళకి కూలెవులిచ్చినారే?" అంది. ఆ మాట బాబుగారికి చెబితే, "అసలు ప్రశ్న మీ అమ్మే అడిగింది" అన్నారు.

ఇంతకీ నా ఉద్యోగం టెంపరరీ. లైబ్రరీకి ఒక కమిటీ, కమిటీకి ఒక పెద్దాయన. సీతమ్మధార నుంచి తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని వచ్చేవారు. కార్తీకం వెళ్ళాక వచ్చి చూసి, నన్ను ఉంచాలో తీసేయాలో తేలుస్తామన్నారు. తీసేస్తే అమ్మ చేపల బుట్ట నా నెత్తికెక్కుతుంది. అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. బుట్ట కింద నెత్తికి పెట్టుకునే చుట్టకుదురు కూడా కొత్తది చుట్టి గుంజకి తగిలించింది. నాకేమో ఆ గది వదలబుద్ధి కాలేదు. (చదువు మీద ప్రేమ అని రాయబోయింది మనవరాలు. కొట్టేయమన్నాను. ఆ గదిలో ఫ్యానుండేది. ఫ్యానూ, ఆ బొమ్మలూ.) నన్ను చేసుకోబోయే మా బావ, మా మేనమామ కొడుకు, స్టీలు ప్లాంటులో కాంట్రాక్టరు కింద ఇనుము మోసేవాడు. "బుట్టెత్తితే నాకేటి, బుక్కెత్తితే నాకేటి. నాకు బువ్వెడితే సాల్దేటి?" అనేవాడు. వాడికి బువ్వ తప్ప వేరే ధ్యాస లేదు.

అలాంటప్పుడు తుఫాను పట్టింది. గాలికి మేడగది పెంకులు లేచిపోయి, నీళ్ళన్నీ సరిగ్గా ఆ బొమ్మల పుస్తకాల బీరువా మీదే పడ్డాయి. వాన తగ్గిన పొద్దున బాబుగారూ నేనూ బీరువా తెరిస్తే పుస్తకాలు నానిన అట్లలా ఉబ్బి కూర్చున్నాయి. ఆయన తిమింగలం బుక్కుని పసిబిడ్డలా ఎత్తుకుని పిండబోయి, పిండకూడదని గుర్తొచ్చి ఆగిపోయారు. అదే సమయానికి భీమిలిలో వాళ్ళ అక్కగారింటి కప్పు ఎగిరిపోయిందని కబురొచ్చింది. వెళ్ళక తప్పదు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "అమ్మాయ్, వీటిని బాగా ఎండబెట్టాలి. తడి ఉండకూడదు, పురుగు పట్టకూడదు. నీదే భారం" అన్నారు.

జాలరిపేట పిల్లతో అనాల్సిన మాటేనా అది? తడి ఉండకూడదు, పురుగు పట్టకూడదు! నా ఒళ్ళంతా పొంగిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన నాకు తెలియనివన్నీ చెప్పారు, ఇప్పటికి నాకు తెలిసిన పని ఒకటి చెప్పారు. మేడ వెనకున్న చిన్న డాబా నిండా నీళ్ళూ పెంకు ముక్కలూ. అందుకని రిక్షా కట్టించి పుస్తకాలన్నీ మా ఒడ్డుకే చేరవేశాను. వాన వెలిసి ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఇసక మీద వల పరిచి, పుస్తకాల్ని నడిమికి తెరిచి, చేప పొట్ట చీల్చి ఆరేసినట్టు వరసగా ఆరేశాను. అమ్మ మోకాళ్ళు పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏటే గుంటా ఇవి?"

"బుక్కులమ్మా. పురుగట్టకుండా ఎండబెట్టమన్నారు బాబుగోరు."

"మరి ఉప్పేదే?"

నేను తెల్లబోయాను. ఉప్పు సంగతి ఆయన చెప్పలేదు. అమ్మ వంగి, పుస్తకాల్ని వేళ్ళతో నొక్కి నొక్కి చూసింది. చేపల్లో ఒక లెక్కుంది. నెత్తళ్ళలాంటి సన్నవాటికి ఉప్పు అక్కర్లేదు, ఊరికే ఎండలో పోస్తే గలగలా ఎండిపోతాయి. లావు చేపకైతే పొట్టలోకంటా ఉప్పు పట్టించాలి, లేకపోతే పైన ఎండి లోపల కుళ్ళుతుంది. అమ్మ పిట్టల బుక్కుని పక్కన పెట్టి, "ఇది నెత్తల జాతి, వొగ్గీ" అంది. తిమింగలం బుక్కు చేతిలోకి తీసుకుని, "ఇది సూడు, ఎంత మందముందో. ఉప్పెయ్యకపోతే నడిమికి కుళ్ళిపోద్ది. ఆ బాబుకి తెల్దు పాపం, మొగోడు" అంది. ఇద్దరం కూర్చుని ఆకు ఆకుకీ కల్లుప్పు చల్లాం. నా ఉద్యోగం నిలబెడుతున్నామని అమ్మ కొసరు కూడా వేసింది. పనంతా అయ్యాక నడుం చాచి చూసుకుంటే, నా జన్మలో అంత బాగా చేసిన పని లేదనిపించింది.

సాయంత్రం పూట ఒక్క పొరపాటు జరిగింది. కుక్కలు రాకుండా కర్ర పట్టుకుని కూర్చున్నాను గానీ, మేక సంగతి తట్టలేదు. చేపల్ని మేక తినదు కదా. ఉప్పేసిన కాగితమంటే దానికి పెళ్ళి విందని నాకేం తెలుసు? నేను చూసేసరికి మంచుగడ్డం బుక్కు చివరాకర్న ఉన్న పేజీలు దాని నోట్లో ఉన్నాయి. ఈ చివర నేనూ, ఆ చివర మేకా లాగాం. మేకే గెలిచింది.

బాబుగారు భీమిలి నుంచి తిరిగొచ్చేసరికి పుస్తకాలు బీరువాలో ఉన్నాయి. ఆయన తలుపు తెరిచి, ఒకడుగు వెనక్కి వేశారు. తిమింగలం బుక్కు తెరిచారు. కాళ్ళ మీద జలజలా ఉప్పు రాలింది. నేను మెచ్చుకోలు కోసం నిలబడి ఉన్నాను. ఆయన నోరు తెరిచారు, మూశారు, నా మొహం చూశారు, మళ్ళీ తెరిచారు.

"పురుగైతే పట్టదమ్మా" అన్నారు చివరికి.

అప్పటికి గానీ నాకు ఏదో తేడా జరిగిందని తట్టలేదు. ఇద్దరం కలిసి ఎంత దులిపినా కుట్ల సందుల్లో దూరిన ఉప్పు రాలేదు. వాసన సంగతైతే చెప్పక్కర్లేదు. మా ఒడ్డున వల మీద పడుకుని వచ్చిన పుస్తకాలు మరి. పెద్దాయన వచ్చే రోజు దగ్గరపడింది. ఏం చేయాలో తోచక బాబుగారు కింద సాయిబుగారి దగ్గర అత్తరు తెచ్చి బీరువా నిండా చిలకరించారు. ఎండుచేపల వాసన పోలేదు. పెళ్ళికి ముస్తాబైన ఎండుచేపల వాసనయింది.

పెద్దాయన వచ్చిన రోజున మబ్బు పట్టింది. ఆ తెల్లబట్టలతో వచ్చి కూర్చుని, ముక్కు రెండుసార్లు ఎగబీల్చి, "ఏమిటి మాస్టారూ ఈ వాసన?" అన్నారు. బాబుగారు కిటికీలోంచి హార్బరు వైపు చూస్తూ, "సముద్రం మీద పుస్తకాలు ఎక్కువండీ మన దగ్గర" అన్నారు. పైన గొడవేమిటో చూద్దామని సాయిబుగారు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి, "అత్తరు మనదే సాబ్. మిగతాది మనది కాదు" అన్నారు.

పెద్దాయన తిమింగలం బుక్కు తీశారు. అట్ట చేతికి తడిగా తగిలింది. "ఇదేమిటి, పుస్తకానికి చెమట పట్టింది?" అంటూ తెరిచారు. తెల్ల ప్యాంటు మీద ఉప్పురవ్వలు పడ్డాయి. ఒకటి తీసి నాలిక మీద పెట్టుకుని, "ఉప్పు!" అన్నారు.

"ఉప్పేనండి" అన్నాను. బాబుగారు దగ్గారు. ఆ దగ్గుకి అర్థం నాకు తర్వాత తెలిసింది.

"ఎవరేశారు?"

"నానూ మా యమ్మానండి. సన్నవోటికి ఎయ్యనేదండి. లావువోటికే ఏసినాం."

పెద్దాయన లేచి నిలబడి ప్యాంటు దులుపుకున్నారు. "ఈ పుస్తకాలు పారేయండి, ఈ పిల్లని మాన్పించండి" అన్నారు. గుంజకి తగిలించిన చుట్టకుదురు నా కళ్ళ ముందు కదిలింది. నెత్తి మీద చేపల నీళ్ళు కారుతున్నట్టే ఉంది.

"పారేస్తే ఇవి మళ్ళీ దొరకవండీ" అన్నారు బాబుగారు.

"ఉంచుకుని ఏం చేస్తారు? ఉప్పు గాలిలో తడిని లాగుతుంది. మబ్బు పట్టినప్పుడల్లా ఇవి ఇలాగే చెమరుస్తాయి. ఎండ కాసినప్పుడల్లా బయట పెట్టాలి, మబ్బు రాగానే లోపల పెట్టాలి. ఇవి ఉన్నన్నాళ్ళూ ఇదే పని. ఎవరు చేస్తారండీ ఈ చాకిరీ?"

బాబుగారు మెల్లగా తల తిప్పి నా వైపు చూశారు. సాయిబుగారు కూడా చూశారు. అందరూ చూస్తున్నారని పెద్దాయనా చూశారు.

"నీకు ఎండబెట్టడం వచ్చా?" అన్నారు.

"అదొక్కటే వచ్చండి."

ముందు నవ్వింది సాయిబుగారు. పెద్దాయన ఆపుకోబోయి, ఆగక, కుర్చీలో కూలబడి మరీ నవ్వారు. కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ ఉప్పేస్తావా?" అన్నారు.

"ఎయ్యనండి బాబూ. గంగమ్మ తోడు."

అలా నేను పర్మనెంటయ్యాను. ఇంటికెళ్ళి చెబితే మా అమ్మ చుట్టకుదురు విప్పుకుంటూ, "సూసినావా, ఉప్పెయ్యబట్టే నీ ఉజ్జోగం నిలవున్నాది" అంది.

తర్వాత ఏళ్ళ తరబడి ఎండ కాస్తే పుస్తకాలు వెనక డాబా మీద పరచడం, మబ్బేస్తే పరుగెత్తి తేవడం, ఇదే నా బతుకు. సముద్రం మీద మబ్బు కనబడకముందే తిమింగలం బుక్కు చెమర్చేది. ఈ పూట వానొస్తుందా అని సాయిబుగారు కిందనుంచి కేకేసి అడిగేవారు. డాబా మీద ఆరేసిన పుస్తకాల చుట్టూ చదువుకునే పిల్లలు చేరేవాళ్ళు, పైకి చదివించుకుని వినేదాన్ని. దీపం చేప కథంతా అలాగే విన్నాను. మంచుగడ్డం ఆయన కథ మాత్రం ఆఖరుదాకా ఎవరూ చదవలేకపోయారు. కుక్కలు చచ్చిపోయాయి, తిండి అయిపోవచ్చింది, ఆయన ఒక్కడే తెల్లటి మంచులో నడుస్తున్నాడు, అక్కడితో సరి. తర్వాతేమైందని పిల్లలడిగితే, "మేకకి తెలుసు" అనేదాన్ని. పైకి అలా అన్నా నాకు లోపల పీకుతూనే ఉండేది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అన్నం పెడుతూ మా బావని అడిగాను, ఆయన ఇంటికొచ్చుంటాడంటావా అని. వాడు ముద్ద నోట్లో పెట్టుకునే, "ఒచ్చీసుంతాడులే. బువ్వేలకి ఎవుడైనా ఇంటికి రావాలి గదేటి" అన్నాడు. అంత ధైర్యంగా చెప్పేసరికి నాకూ నిజమే అనిపించింది.

బాబుగారు పోయారు, సాయిబుగారి కొట్టు పోయింది, లైబ్రరీ ఎత్తేసిన రోజున ఆ చివరలేని బుక్కు నేనడిగి ఇంటికి తెచ్చుకున్నాను. మా బావ పోయిన ఏడాది పోయాడు. బువ్వవేళకి ఎవరైనా ఇంటికి రావాలన్న మనిషే మాట తప్పాడు. మంచుగడ్డం ఆయన సంగతి ఫోనులో చూసి చెప్పేస్తాను నానమ్మా అంటోంది ఈ పిల్ల. వద్దన్నాను. తెలుసుకుని నేనేం చేస్తాను? ఇన్నేళ్ళూ ఆయన నడుస్తూనే ఉన్నాడు, నడవనీ. ఆ ఒడ్డున ఎండలో కాళ్ళు చాపుకుని, ఆయన మీద గుప్పెడు గుప్పెడు ఉప్పు చల్లుతూ, ఈ దెబ్బతో ఉద్యోగం ఖాయమని మురిసిపోయిన పిల్ల కళ్ళ ముందుకొస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఇక రాయడం ఆపవే. ఎండలో పెట్టిన ఆ బుక్కు అట్ట చూడు, మళ్ళీ చెమరుస్తోంది. మబ్బొచ్చేలోపు లోపల పెట్టు.