అందిన ఇల్లు

దర్జీ కొట్టులో ఆమెను అందరూ కాజాలక్క అంటారు. ఇరవై ఏళ్లుగా చొక్కాలకు కాజాలు కుడుతోంది. మనిషి నాలుగడుగులకు బెత్తెడు తక్కువ. మాటలో మాత్రం ఎవరికీ బెత్తెడు తగ్గదు. ఉండేది తమ్ముడి ఇంట్లో. బంగారంలాంటి మనుషులు. తెల్లవారేసరికి మరదలు టీపొడి డబ్బా, ఉప్పు డబ్బా పై అరలోంచి దించి ఉంచుతుంది, ఆ సంగతి ఎన్నడూ పైకి అనదు. అంత మంచితనం మధ్యనే కాజాలక్క మనసులో ఒక కోరిక ముల్లులా ఉండిపోయింది. తనకు కావలసింది తానే అందుకునే ఇంట్లో నాలుగు రోజులైనా బతకాలి.

చిన్న ఇల్లు ఒకటి అమ్మకానికుందని తెలిసి, ఆదివారం మరదల్ని వెంటబెట్టుకుని వెళ్లింది.

తలుపు తీసిన ఇంటాయన వడ్రంగి, తాటిచెట్టంత మనిషి. పక్కనే, ఆయన మోచేతి ఎత్తున, ఆయన భార్య. తలెత్తకుండా ఒక పెద్దావిడ కళ్లలోకి చూడటం కాజాలక్కకు అదే మొదలు.

లోపల ఉన్నది ఒకటే గది. వంటగట్టు సరిగ్గా కాజాలక్క నడుము దగ్గర ఆగింది. అటక మీది పడకకు వెళ్లే మెట్లన్నీ సొరుగులే. ఒకటి లాగితే దుప్పట్లు, ఇంకొకటి లాగితే గిన్నెలు. కిటికీ గడియ, దీపం స్విచ్చి, అలమర చివరి అర, అన్నీ ఆమె చెయ్యి వెళ్లిన చోటే ఉన్నాయి. దైవసన్నిధిలో నడిచినట్టు అడుగులో అడుగు వేసింది.

"ఎంత అందంగా ఉందో!" అంది మరదలు.

"అందడమే అందం, తల్లీ," అన్నాడు వడ్రంగి. "మా ఆవిడ కొలతలకి కట్టాను. నా నుదుటి మీద బొప్పులే సాక్ష్యం."

"మరెందుకు అమ్ముతున్నారు?" అడిగింది కాజాలక్క.

"ముప్పై ఏళ్లు నా ఎత్తుకి వంగి వంగి ఈయన నడుం విల్లయింది," అంది భార్య. "డాక్టరు ఇక వంగొద్దన్నాడు. అయినా ఈయన అమ్మనే అమ్మనన్నారు, మొండిఘటం! ఇన్నాళ్లూ ఈయన వంగారు. ఇక ఈయన ఎత్తుకి తగ్గ ఇంట్లో నేను పీటెక్కుతా."

కాజాలక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇలాంటి జంటను చూసి వెలిగించాడేమో దేవుడు, పొద్దున్నే సూర్యుణ్ణి!

"పొద్దున ఒకతను చూసెళ్లాడు," అన్నాడు వడ్రంగి నసుగుతూ. "గట్టు పగలగొట్టి ఎత్తు పెంచుతాడట. సాయంత్రానికి మాట చెప్పాలి."

కాజాలక్క వంటగట్టు అంచును అరచేత్తో పట్టుకుంది. మరదలే అందుకుంది. "మా వదినకివ్వండి బాబాయిగారూ. తను లేకపోతే మా ఇంట్లో నాకు పొద్దుపోదు. అయినా ఇవ్వండి."

"ముందు టీ పెట్టు చెల్లీ," అంది వడ్రంగి భార్య కాజాలక్కతో. ఏది ఎక్కడుందో చెప్పలేదు. కాజాలక్క వెతకనూ లేదు. కుడిచెయ్యి చాపితే పంచదార, ఎడమచెయ్యి చాపితే కప్పులు. పెద్దావిడ కళ్లార్పకుండా చూసింది. టీ ఇంకా పొంగకముందే భర్తతో, "పొద్దున వచ్చినతనికి ఫోన్ చేసి లేదని చెప్పండి," అంది.

తర్వాత భర్తనూ మరదల్నీ బయటికి నడిపిస్తూ వెనక్కి తిరిగింది. "ఒక్కసారి లోపల గడియ వేసుకుని చూడమ్మా, నీ ఇల్లే కదా!"

తమ్ముడి ఇంట్లో గడియలన్నీ తలుపు పైనుంటాయి. కాజాలక్క పుట్టి బుద్ధెరిగాక తన చేత్తో ఒక తలుపూ బిగించుకోలేదు. గడియ మెత్తగా జారి చోటులో కూర్చుంది.

కాసేపటికి మరదలు తలుపు తట్టింది. "వదినా! నిద్రపోయావా ఏంటి? తియ్యి!"

"ఉండవే, వస్తున్నా," అంది కాజాలక్క, గడియ మీద నుంచి చెయ్యి తియ్యకుండా.