నల్లద్దం వెనక కాబోయే అల్లుడు

ఒక మనిషి తన పెళ్ళిని తానే చెడగొట్టుకోవడానికి చాలా మార్గాలున్నాయి. తాగి గొడవ చేయవచ్చు. పిల్ల మేనమామను నలుగురిలో తిట్టవచ్చు. పెట్టిన కూరలో ఉప్పు లేదని మొహం చిట్లించవచ్చు. నేను వీటిలో ఏదీ చేయలేదు. హెల్మెట్‌కు నల్లద్దం పెట్టించుకున్నాను, అంతే. ఆ ఒక్క అద్దం దెబ్బకు నా పెళ్ళి, ఒక పెద్దమనిషి పరువు, ఒక లారీ నిండా టేకు దుంగలు ఒకే సాయంత్రం అడవిలో కలిసిపోయాయి. నవ్వాలనుకున్నవాళ్ళు మొహమాటపడకండి. నేనూ నవ్వుతూనే చెబుతున్నాను, పంటి నొప్పి ఉన్నవాడు ఫొటోకు నవ్వినట్టు.

అప్పట్లో నేను ఖమ్మం మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణం గుమాస్తాను. ఇంటర్ దగ్గర ఆగిపోయిన చదువును జిల్లా గ్రంథాలయంలో సొంతంగా పూర్తి చేసుకుంటున్నాననే గర్వం నా నడకలో కూడా కనిపించేది. ఖగోళం చదివాను. తేనెటీగల పెంపకం చదివాను. ఓడలు ఎందుకు మునుగుతాయో చదివాను; ఖమ్మంలో ఓడ లేకపోవడం నా తప్పు కాదు. యార్డులో ఒక హమాలీ తుమ్మితే, ముక్కు లోపలి పొరతో మొదలుపెట్టి తుమ్ముకు కారణం వివరించేవాణ్ణి. నేను సగానికి వచ్చేసరికి అతను ఇంకో రెండు తుమ్ములు తుమ్మి, బస్తా ఎత్తుకుని వెళ్ళిపోయేవాడు.

సలోమి కూడా ఆ గ్రంథాలయంలోనే పరిచయం. నర్సు ఉద్యోగం పరీక్షకు చదువుకోవడానికి వచ్చేది. నేను మాట్లాడుతుంటే ఆవలించని మొదటి మనిషి ఆమె. అంతకన్నా గొప్ప ప్రేమ ఉంటుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆమెకు భద్రాచలం దవాఖానాలో ఉద్యోగం వచ్చింది. మా చర్చి వేరు, వాళ్ళ చర్చి వేరు అయినా రెండిళ్ళ పెద్దలూ సరేనన్నారు. ఇక మిగిలింది ప్రధానానికి తేదీ. మా క్రైస్తవుల ఇళ్ళలో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటాం. ఆ తేదీ చెప్పవలసినవాడు సలోమి తండ్రి యాకోబు గారు.

యాకోబు గారు అటవీశాఖలో బీట్ ఆఫీసరు. కొత్తగూడెం దాటి అడవిలోకి వెళ్ళాక ఒక చెక్‌పోస్టులో ఆయనకు డ్యూటీ. నా ఫొటో చూశారు. నన్ను అంతకుముందు ఒక పెళ్ళిలో కూడా చూశారు గానీ, దూరం నుంచి, అదీ నేను పళ్ళెంలోకి వంగి ఉన్నప్పుడు. దగ్గరగా ఒకసారి చూడాలని ఆయన కోరిక. ఫోన్ చేసి, సెలవు దొరకడం లేదు, నువ్వే పోస్టు కాడికి రా అల్లుడా, చాయ్ తాగుకుంట మాట్లాడుకుందం అన్నారు. అల్లుడా అని ముందుగానే పిలిచేశారు పాపం.

ఇప్పుడు అద్దం సంగతి. ఎండ వెలుతురు కంటికి ఎంత చెరుపు చేస్తుందో నేను ఆ నెలలోనే ఒక లావుపాటి పుస్తకంలో చదివి ఉన్నాను. ఖమ్మం నుంచి అంత దూరం బైకు మీద కళ్ళు కాపాడుకోకుండా వెళ్ళడం అజ్ఞానమని తేల్చుకుని హెల్మెట్ల దుకాణానికి వెళ్ళాను. మామూలు అద్దం తీసేసి, ఉన్నవాటిలో అన్నిటికన్నా నల్లనిది బిగించమన్నాను. ఎందుకని దుకాణదారుడు అడగలేదు. అడగకపోయినా కంటిపాప ఎలా కుంచించుకుంటుందో చెప్పాను. అతను అవ్ సార్, అవ్ సార్ అంటూనే పక్కన నిలబడ్డ ఇద్దరు గిరాకీలను పంపించేశాడు.

ఇంటికి వచ్చి అది పెట్టుకుని నిలబడితే మా అక్క చుట్టూ తిరిగి చూసింది.

"గిదేందిరా, మొఖం ఏడున్నదో తెల్వకుంట? ఆ మామ నిన్నెట్ల గుర్తువడ్తడు?"

"మొఖంతోని కాదక్కా, మాటతోని గుర్తువడ్తడు."

"నువ్వు మాట్లాడనప్పుడే మంచిగుంటవ్‌రా" అని అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరాను. కొత్తగూడెం దాకా నా అంత దర్జా ఎవరికీ లేదు. ఎర్రటి ఎండలో జనమంతా కళ్ళు చికిలించుకుని పోతుంటే నేను మాత్రం వెన్నెల్లో షికారు పోతున్నాను. అందరూ నా వైపు చూశారు. నా ముఖం ఉన్నప్పుడు ఎవరూ అలా చూసి ఎరగరు.

అడవి మొదలైంది. వానాకాలం చివరి రోజులు. రోడ్డుకు రెండు వైపులా టేకుచెట్లు చాటలంత ఆకులతో పైన కలిసిపోయి ఉన్నాయి. దానికి తోడు మబ్బు పట్టింది. ప్రపంచాన్ని ఎవరో స్విచ్చి నొక్కి ఆర్పేసినట్టయింది నాకు.

అద్దం పైకి లేపవచ్చు కదా అని మీరు అడుగుతారు. లేపేవాణ్ణే, చదువు లేకపోయి ఉంటే. చీకట్లోకి వచ్చిన కన్ను కాసేపటికి ఆ చీకటికి అలవాటు పడుతుందని అదే పుస్తకంలో ఉంది. సినిమా హాల్లోకి ఆలస్యంగా దూరినవాడికి మెల్లమెల్లగా కుర్చీలు కనపడినట్టు నాకూ రోడ్డు కనపడుతుందని నమ్మాను. అద్దం దించే ఉంచి, ఆ శుభఘడియ కోసం వేగం తగ్గించకుండా ఎదురుచూశాను. సినిమా హాల్లో కుర్చీ వెతుక్కునేవాడు బైకు మీద వెతుక్కోడన్న సంగతి పుస్తకం రాసినాయనకు తట్టినట్టు లేదు.

అదే సమయంలో చెక్‌పోస్టులో ఏం జరుగుతున్నదో నాకు తరువాత తెలిసింది. దొంగ టేకు లోడు వెళ్ళేటప్పుడు ముందుగా ఒక బైకు పోతుంది. పోస్టులో ఎవరున్నారో చూసి, వెనక వచ్చే లారీకి చేత్తో సైగ చేస్తుంది. ఆ బైకువాణ్ణి పైలట్ అంటారు. ఆ సాయంత్రం ఒక లోడు వస్తున్నదని, పైలట్ ముఖం కనపడకుండా నల్ల హెల్మెట్ పెట్టుకుని ఉంటాడని యాకోబు గారికి కబురు అందింది. ఆయన, ఒక వాచరు రోడ్డు పక్కన కాపు కాశారు. అప్పుడే బస్సు ఒకటి వెళ్ళింది, గేటు పైకి లేచి ఉంది. నేను వచ్చాను.

యాకోబు గారు రోడ్డు మీదికి వచ్చి చెయ్యెత్తారు.

నాకు కనపడింది ఇంత మాత్రమే: పక్కన ఏదో నిలువుగా ఉంది, దానికి పైన ఏదో ఊగింది. చెట్టయితే గాలికి ఊగి ఉండాలి. మనిషయితే నా దర్జా చూసి నమస్కారం పెట్టి ఉండాలి. రెండో ఊహే నాకు నచ్చింది. చెక్‌పోస్టు ఇంకా దూరం ఉందనుకుంటున్నాను కాబట్టి ఆగవలసిన పని లేదు. అయినా మర్యాద మర్యాదే. నేనూ చెయ్యెత్తి బాగా ఊపి, హారన్ కొట్టి, ముందుకు పోయాను.

ఆ అడవిలో పుట్టి పెరిగిన దొంగలు కూడా అంత చక్కగా సైగ చేసి ఉండరు.

కాసేపటికి వెనక జీపు చప్పుడు, ఆగకుండా హారన్. దారి దోపిడీల గురించి కూడా చదివినవాణ్ణి కదా, వెంటనే అర్థమైంది. సలోమి కోసం ప్రాణం నిలుపుకోవాలని ఇంకా వేగం పెంచాను. కాబోయే మామ వెంటపడుతున్నాడు, కాబోయే అల్లుడు పారిపోతున్నాడు, ఇద్దరికీ ఎవరెవరో తెలియదు. చివరికి రోడ్డు పక్కకు తిరిగింది. నేను తిరగలేదు. తిన్నగా వెళ్ళి వరిపొలంలో బురదలో పడ్డాను.

వాచరు నా కాలరు పట్టి లేపాడు. యాకోబు గారు లాఠీ ఎత్తి పట్టుకుని ఉన్నారు.

"లారీ ఏడిదాకొచ్చింది? జెప్పు."

నేను హెల్మెట్ లోపలి నుంచి ఏదో అన్నాను; అది బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. ఆయనే ముందుకు వంగి, రెండు వేళ్ళతో నల్లద్దం పైకి లేపారు. అక్కడే ఆగిపోయారు. పెళ్ళిచూపుల్లో పిల్లను కూడా ఎవరూ అంతసేపు చూసి ఉండరు.

"ప్రసన్నా?"

"అవ్ మామయ్యా."

"నువ్వా?"

"చాయ్‌కని వస్తున్న మామయ్యా" అన్నాను.

మీకు తెల్సినోడా సార్ అని వాచరు అడిగాడు. యాకోబు గారు రోడ్డు వైపు చూశారు. లాఠీ మెల్లగా కిందికి దిగింది.

ఆ పోస్టు దాటగానే రోడ్డు రెండుగా చీలుతుంది. మేము ఒక దారిలో పరుగులు పెడుతున్నప్పుడు లారీ తీరికగా రెండో దారిన పోయింది. పోస్టు పక్కన చాయ్ అమ్మే ఆమె చూసిందట. ముందు ఒక పాత స్కూటర్ వచ్చిందని, నడిపేవాడి తలకు హెల్మెట్టే లేదని, ముఖమంతా కనిపిస్తూ మంచిగానే ఉన్నాడని చెప్పింది. నాకోసం యాకోబు గారు చెప్పి పెట్టించిన చాయ్ చల్లారిపోతుంటే వాడికి పోసిందట. తాగి, లారీకి చెయ్యి ఊపి పోయాడట.

విచారణకు పైఅధికారి వచ్చాడు. ఆయన అడిగింది ఒక్కటే, బైకు మీద పోయినవాడు ఎవరు అని.

తరువాతి ఆదివారం సలోమి ఖమ్మం వచ్చింది. గ్రంథాలయం మెట్ల మీద కూర్చున్నాం. వాళ్ళ నాన్న ఏం చెప్పారని అడిగాను.

"నువ్వెవరో ఎరుక లేదని చెప్పిండు. వాచరు గూడ గట్లనే చెప్పిండు."

"అదేంది సలోమీ, అల్లుణ్ణని చెప్తే అయిపోవు గద."

"అల్లుడే ముందట వోయి చెయ్యి ఊపిండు, మామ పోస్టు ఇడిచిపెట్టి ఎన్క ఉరికిండు, లారీ వోయింది. గిది ఇంటే ఎవరన్న ఏమనుకుంటరు? మా నాయిన నౌకరి పోతది. జైలుకు గూడ పంపిస్తరు."

"కొన్ని దినాలు ఆగుదాం."

"ఎన్ని దినాలు ఆగినా, పెండ్లి కార్డుల నీ పేరు పడ్డనాడు మా నాయిన దొంగయితడు."

నేను నా సంగతి చెప్పుకోబోయాను. ఎండ సూటిగా కంట్లో పడితే లోపలి పొర ఏమవుతుందో మొదలుపెట్టాను. ఆమె మొదటిసారి నా మాటకు అడ్డం వచ్చింది.

"మధ్యాహ్నం ఎల్లినవ్. ఖమ్మం నుంచి భద్రాచలం దిక్కు వస్తుంటే ఎండ యాడుంటది ప్రసన్నా?"

ఖగోళం చదివినవాణ్ణి. అయినా లెక్క వేసుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"ఎన్కాల" అన్నాను.

"మరి ముందట అద్దమెందుకు?"

ఆమె లేచి, చీర కుచ్చిళ్ళకు అంటిన దుమ్ము దులుపుకుని, బస్సుకు వెళ్ళిపోయింది.

బండి నంబరు పట్టుకుని అధికారి నన్ను కూడా పిలిపించాడు. యాకోబు మీకు ఏమవుతాడని అడిగాడు. ఏమీ కాడు సార్ అన్నాను. నా జీవితంలో ఒక ప్రశ్నకు వివరణ జోడించకుండా ఇచ్చిన మొదటి జవాబు అదే. అది కూడా నమ్మాడు. యాకోబు గారికి చీవాట్లతో సరిపోయింది, నౌకరి నిలిచింది. సలోమి పెళ్ళి మణుగూరు గనుల్లో పనిచేసే అతనితో అయింది. నాకు కార్డు రాలేదు. తెలియని మనిషికి కార్డు ఎవరిస్తారు?

ఈ మధ్య యార్డు పని మీద మళ్ళీ ఆ దారిన వెళ్ళాను. హెల్మెట్‌కు తెల్లద్దం, అదీ పైకి లేపి ఉంది. పోస్టు ఇంకా దూరంగా ఉండగానే వేగం తగ్గించి, గేటు ముందు ఆగి, కాలు కింద పెట్టాను. యాకోబు గారు బయటికి వచ్చారు. జుట్టు నెరిసింది. వాచరు ఆయన పక్కనే ఉన్నాడు.

"ఏడికెల్లి వస్తున్నరు?"

"ఖమ్మం నుంచి సార్."

"పేరు?"

"ప్రసన్న కుమార్."

నా ముఖం వైపు చూశారు. ఎండ లేదు, చీకటి లేదు, మధ్యలో అద్దం లేదు. ఒకరికొకరం స్పష్టంగా కనిపించాం.

"మంచిది. పోండి" అని గేటు ఎత్తించారు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా ముఖానికీ లోకానికీ మధ్య నల్లద్దం పెట్టను. సూర్యుడు ఎటువైపు ఉన్నాడో మెడ తిప్పి చూసుకోకుండా ఎండ గురించి ఏ పుస్తకాన్నీ నమ్మను. అడవిలో ఎవరు చెయ్యెత్తినా ఆగుతాను. అది చెట్టుకొమ్మే అయినా సరే, బండి దిగి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, చేతులు జోడించి, నమస్తే మామయ్యా అని చెప్పి గానీ కదలను.