సోలో కోసం రాసుకున్న స్వరాలు

స్కార్‌బరోలో మా ఇంటికి రెండు బస్‌స్టాపుల అవతల ఒక చర్చి ఉంది. దాని బేస్‌మెంట్‌లో శనివారం మధ్యాహ్నాలు ఒక కాయిర్, అంటే పాటల బృందం, పాడుతుంది. మతంతో పనిలేదు, గొంతుంటే చాలన్నారని నేనూ చేరాను. మేం పాడేవి సోల్ పాటలు, అంటే నల్లజాతివాళ్ళ చర్చి పాటల్లోంచి పుట్టిన సంగీతం. కాయిర్ నడిపే ఆవిడ నల్లజాతి మనిషి, రిటైరైన స్కూల్ టీచర్. వసంతంలో చేసే కచేరీలో ఒక్కరే పాడే సోలో ఒకటి ఉందనీ, ఎవరైనా పాడి చూపించవచ్చనీ ఆవిడ ఒక శనివారం చెప్పింది.

ఆ సోలో నాకు కావాలి. దాచుకోవడం ఎందుకు, ఈ దేశం వచ్చాక దేన్నీ నేనంతగా కోరుకోలేదు. మార్కమ్‌లో నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పొద్దస్తమానం ఇతరుల తప్పులు వెతకడమే పని. పదేళ్ళకు పైగా కర్ణాటక సంగీతం నేర్చుకున్న గొంతు చివరికి బస్సులో కూనిరాగాలకు తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయింది.

పాట నా దగ్గర సిద్ధంగానే ఉంది. పాత సామాన్ల దుకాణంలో కొన్న రికార్డు. అట్ట మీద ఒక ఖాళీ కుర్చీ బొమ్మే తప్ప పాడినావిడ ఫోటో లేదు. పాట చివర ఆవిడ ఒకే మాటను పట్టుకుని పైకి వెళ్ళి, అక్కణ్ణించి మెల్లగా జారుతూ కిందికి దిగుతుంది. విన్నప్పుడల్లా నాకు కళ్ళు చెమర్చేవి. చెమర్చిన కళ్ళు తుడుచుకుని నేనేం చేశానంటే, చిన్నప్పటి అలవాటు కొద్దీ నోట్‌బుక్ తీసి ఆ దిగడాన్నంతా స్వరాలుగా రాసేశాను. ఇరవై మూడు స్వరాలొచ్చాయి. వారం రోజుల్లో కంఠతా పట్టాను.

పాడి చూపించిన రోజు ఒక్క స్వరం కూడా జారలేదు. ఎక్కడ నేర్చుకున్నావని కాయిర్ ఆవిడ అడిగితే, రికార్డు విని అన్నాను. మళ్ళీ పాడమంది. ఇంకోసారి పాడమంది.

"మూడుసార్లూ ఒక్కలాగే పాడావు," అంది.

మెచ్చుకుందనుకుని థాంక్స్ చెప్పాను. నా తెలివి అలా తెల్లారింది. పక్కన ఆల్టోలు, అంటే కింది స్థాయిలో పాడే ఆడవాళ్ళు, ముసిముసిగా ఎందుకు నవ్వుతున్నారో కూడా ఆవిడే చూపించింది. పాడుతున్నంతసేపూ నా చెయ్యి తొడ మీద ఆదితాళం వేస్తోందట. సోల్ పాటకి చప్పట్లు రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ పడాలి. నేనేమో మొదటి దెబ్బకి చరిచి, వేళ్ళు లెక్కపెట్టి, వాళ్ళ చప్పట్లు పడేచోట చెయ్యి వెనక్కి తిప్పేస్తున్నాను. చేతులు కట్టుకుని పాడమంది. కట్టుకున్నాను. కాలి బొటనవేలు అందుకుంది.

ఇంటికొచ్చి మా అమ్మాయి దగ్గర వెళ్ళగక్కాను. ఓ నల్లజాతి స్త్రీ గుండెకోతని అక్షరం పొల్లుపోకుండా పాడితే వీళ్ళకేమిటి అభ్యంతరం అన్నాను. అది నా మాట వింటూనే ఫోన్లో రికార్డు పేరు వెతికి, "అమ్మా, షీ ఈజ్ వైట్. ఫ్రమ్ ఇంగ్లండ్," అంది. తెల్లవాళ్ళు పాడే ఈ రకం పాటలకి ఓ పేరు కూడా ఉందట, బ్లూ ఐడ్ సోల్ అని. నీలికళ్ళ సోల్ అన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ఎవరి దగ్గరో నేర్చుకున్నదాన్ని నేను అసలు సరుకనుకుని మోసుకొచ్చాను.

తరువాతి శనివారం ఈ మాటే కాయిర్ ఆవిడతో అన్నాను. ఆ రికార్డు తనింట్లోనూ ఉందనీ, ఆ ఇంగ్లండ్ పిల్ల చక్కగా పాడిందనీ అంది. తన తల్లి వెళ్ళే నల్లవాళ్ళ చర్చిలో ఆడవాళ్ళు ఆ దిగడాన్ని ఆదివారానికొక తీరుగా పాడేవారట. వాళ్ళని రికార్డు చేసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరట. తర్వాత, సోలోగా ఆ పాటే పెడుతున్నాననీ, దాన్ని మా కాయిర్‌లోని రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయనకి ఇస్తున్నాననీ చెప్పింది. ఆయన తెల్లాయన, మంచి బరువైన గొంతు. చివరి దిగుడు మాత్రం ఆయనకి పట్టుబడటం లేదు.

"నీకు వచ్చు కదా, కాస్త నేర్పు," అంది.

అంతకంటే చెంప పగలగొట్టినా బాగుండేది. అయినా నేర్పాను. నాలుగు శనివారాలు కాయిర్‌కి గంట ముందే వెళ్ళి, నోట్‌బుక్ చూస్తూ మూడేసి స్వరాల చొప్పున విడగొట్టి ఆయనచేత పాడించాను. ఆయన రోజుకో స్వరం మింగేవాడు, లేనిదొకటి చేర్చేవాడు. తప్పని నేనంటే, బాగుంది కదా అని నవ్వేవాడు. తప్పులు పట్టే ఉద్యోగం చేసేదాని ముందు అలా నవ్వకూడదు. పైగా చిరాకేమిటంటే, నిజంగానే బాగుండేది.

కచేరీ రోజు నేను వెనక వరసలో నిలబడ్డాను. ఆయన ఆ మాట పట్టుకుని పైకి వెళ్ళాడు. ఇరవై మూడింటిలో పదిహేడో పద్దెనిమిదో పాడి, మిగతావి తన ఇష్టమొచ్చినట్టు కలుపుకుంటూ దిగాడు. హాలంతా లేచి నిలబడింది. నేను రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ చప్పట్లు కొడుతున్నానని నాకు అప్పుడే తెలిసింది. ఎవరూ నావైపు చూడటం లేదు.

కచేరీ అయ్యాక బేస్‌మెంట్‌లో టీ దగ్గర ఎవరో ఆయన్ని, ఆ చివరిది ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు.

"రికార్డు విని," అన్నాడాయన హాయిగా.

అబద్ధం చెబుతున్నానన్న ఆలోచన కూడా ఆయనకి లేదు. నేను నాలుగు శనివారాలు పోగొట్టుకున్నాననీ, అది నా నోట్‌బుక్‌లోదనీ గట్టిగా అందామని నోరు తెరిచాను. ఇదే గదిలో, ఇదే ప్రశ్నకి, ఇదే జవాబు నేను చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను.

కాయిర్ ఆవిడ ఎప్పుడొచ్చి నిలబడిందో, నా పక్కనే ఉంది. అంతా విన్నట్టే ఉంది.

"ఇక ఆ రికార్డు పెట్టినప్పుడల్లా నీకు కోపం వస్తుంది," అంది. "వచ్చినా వింటావు. నేనూ అంతే."

ఆవిడ నా చేతిలో కప్పు తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలు మడతపెట్టడానికి రమ్మంది.